తడి ఇసుక పొంగు

గుణుపురంలో సోమవారం మధ్యాహ్నం, మెటీరియల్స్ ల్యాబ్.
హాజరు పిలుస్తూ పూర్ణచంద్ర బాబు
నీలవేణిని "నీలొబేణీ" అంటారు.
మొదటి సెమిస్టర్లో ఆవిడెవరా అని వెనక్కి తిరిగి చూసేదాన్ని.
ఇప్పుడు ఉన్నానంటాను.

ప్రయోగం ఏడు. తడి ఇసుక పొంగు.
కావలసినవి: కొలజాడీ, ఇనుప కడ్డీ, నీళ్లు, వంశధార ఇసుక.
రికార్డులో మాత్రం "స్థానిక నది ఇసుక" అని రాయాలి.
స్థానిక నది!
నా చిన్నప్పటి ఎడమకాలి చెప్పు పట్టుకుపోయి
ఇంతవరకూ తిరిగివ్వని నది.

రెండొందల గీత దాకా నింపాం.
పిడికిట్లో ముద్ద కడితే నిలిచేంత చెమ్మ.
బినోద్ సబర నీళ్లు పోశాడు, నేను కడ్డీతో తిప్పాను.
బుడగలు ఒకటీ రెండూ, తరవాత గుంపుగా,
బడి వదిలినట్టు.
ఇసుక జారి జారి
నూట యాభై దగ్గర ఆగింది.

పుస్తకం చెప్పేది ఇదీ:
కొద్దిపాటి తడిలో ప్రతి రేణువూ పలచని నీటి పొర కప్పుకుని
పక్కదాన్ని తాకకుండా ఎడంగా నిలబడుతుంది.
పూర్తిగా ముంచేస్తే పొరలు తెగి సర్దుకుంటాయి.
హాస్టల్ మెస్సులో మొదటి నెల గుర్తుందా అన్నాను,
ఒడియా బల్ల, తెలుగు బల్ల, సవర బల్ల.
బినోద్ నవ్వాడు: "అప్పడాలు మీ బల్లకే ముందొచ్చేవి."
అతనిది సంతలో నేర్చిన తెలుగు,
బేరం తెగేంత గట్టిది.

సీనియర్ రికార్డులో పొంగు నూటికి పాతిక.
అంతకు ముందేడాదీ పాతికే.
ఎన్ని వరదలొచ్చినా నది పాతిక దగ్గరే కూర్చుందన్నమాట.
మాది ముప్పై మూడు.
"పాతిక వేసేయండి, సంతకానికి ఇబ్బంది ఉండదు"
అన్నారు బాబు, దయగానే.

నేను లెక్క తిరగేసి చూస్తున్నాను.
రెండొందలు కొంటే చేతికొచ్చింది నూట యాభై.
పోయిన శ్రావణంలో మా ఇంటి గోడలకి ఇసుక వచ్చింది,
నాలుగు ట్రాక్టర్లు, చెమ్మచెమ్మగా.
అంటే నాలుగోది నిండా గాలి.
దానికీ డ్రైవరు టీ తాగి వెళ్లాడు.
దానికీ అమ్మ
పొదుపు సంఘంలో వాయిదా కడుతోంది.

రాత్రి సింహాద్రి మామకి ఫోన్ చేశాను.
తాపీ పట్టి ముప్పై ఏళ్లు.
జాడీ గురించి, గీతల గురించి చెప్పాను.
అవతల గమేళా కింద పెట్టిన చప్పుడు.
"తెలుసే గుంటా.
ఇసక తడిగుంటే బస్తాకి ఓ గమేళా ఎక్కువేస్తాను.
మా మేస్త్రి సెప్పిందే."
మరి కొనేటప్పుడో?
"ఆరేదాకా ఆగరా అంటే ఆ ట్రాక్టరు ఇంకో గుమ్మానికి పోద్ది.
ఆడికీ తెలుసు, నాకూ తెలుసు, ఇప్పుడు నీకూ తెలిసింది.
ఎన్ని మార్కులిస్తారేటి దానికి?"
పదికి, అన్నాను.
"పదీ తెచ్చుకో."

ముప్పై మూడని పెన్నుతో రాశాను.
పక్కన పెన్సిల్‌తో, చిన్నగా, పాతిక.
రెండూ అబద్ధం కావు:
మిగిలినదాని మీద లెక్కేస్తే ముప్పై మూడు,
కొన్నదాని మీద లెక్కేస్తే పాతిక.
బాబు రెండింటికీ కలిపి ఎర్రసిరా సున్నా చుట్టారు.
"కాలి ఆసొ" అన్నారు. రేపు రమ్మని.

రేపు వెళ్లాం. జాడీ కడగడం మరిచిపోయాం నిన్న.
ఇసుక మీద రాత్రంతా దిగిన ఒండ్రు,
గోరు మందాన, పిల్లి రంగులో.
దానిపైన నీళ్లు ఏమీ ఎరగనంత తేటగా.
బినోద్ వంగి, కళ్లు గీత ఎత్తుకి తెచ్చి చూశాడు.
"దీనికీ ఒకటుంది" అన్నాడు, "ప్రయోగం ఎనిమిది."